నుకు హివాలో డీజిల్, వంటగ్యాస్: తొమ్మిది రోజుల పడవ డైరీ

1వ రోజు. లెక్కలు

మెక్సికో నుంచి బయల్దేరి 25 రోజులు. సుమారు 2,750 నాటికల్ మైళ్ళు నీళ్ళు తప్ప ఇంకేమీ చూడకుండా వచ్చి, నిన్న మధ్యాహ్నం పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న మార్కెసాస్ దీవుల్లో నుకు హివా అనే దీవి దగ్గర, తాయోహాయే అనే ఊరి ముందు లంగరు వేశాం. పడవ 36 అడుగుల పాత తెరచాప పడవ. మనుషులం ఇద్దరం, నేను, మా బావమరిది. ఇద్దరం సియాటిల్‌లో ఉద్యోగాలకి సెలవు పెట్టి వచ్చినవాళ్ళమే. వాడిని ఇక్కడ చిన్నోడు అంటాను, ఇంట్లో అందరూ అలాగే అంటారు. వాడికి 34 ఏళ్ళు.

నిద్ర లేవగానే మొదటి పని, ఏం మిగిలిందో చూడటం. డీజిల్ ట్యాంకు 170 లీటర్లు. కర్ర ముంచి చూస్తే 38 ఉంది. భూమధ్యరేఖకి పైన గాలి చచ్చిపోయే చోట దాదాపు 57 గంటలు ఇంజను నడిపాం, గంటకి 2.3 లీటర్లు తాగుతుంది, కాబట్టి లెక్క సరిపోయింది. డెక్కు మీద కట్టిన ఆరు 20 లీటర్ల పసుపు క్యాన్లలో రెండు నిండుగా ఉన్నాయి, నాలుగు ఖాళీ. ఆ రెండూ ట్యాంకులో పోసేసి, ట్యాంకునీ ఆరు క్యాన్లనీ నింపాలంటే 210 లీటర్ల పైచిలుకు కావాలి.

అసలు టెన్షన్ గ్యాస్‌ది. మాకు రెండు చిన్న అల్యూమినియం సిలిండర్లు ఉన్నాయి, ఒక్కోటి 4.5 కిలోలు పడుతుంది. ఒకటి దారిలోనే అయిపోయింది. రెండోదాన్ని సూట్‌కేసులు తూచే వేలాడే త్రాసుకి తగిలించి, మెడ మీద చెక్కిన ఖాళీ బరువు తీసేస్తే 1.1 కిలోలు తేలింది. మాకు రోజుకి సుమారు 130 గ్రాములు ఖర్చవుతుంది (అన్నం, పప్పు, రెండు పూటలా కాఫీ, అప్పుడప్పుడు చిన్నోడి ఆమ్లెట్ల పిచ్చి). అంటే ఎనిమిది రోజులు.

సాయంత్రం ఆరింటికి అమ్మకి ఫోన్ చేశాను. కాకినాడలో అప్పుడు మర్నాడు ఉదయం తొమ్మిది. మార్కెసాస్ గడియారం కూడా మన ఇండియా గడియారంలాగే అరగంట తేడా మీద నడుస్తుంది, ఈ దీవులన్నిటికీ రాజధాని ఉన్న తాహితీ దీవి కంటే అరగంట ముందు, అందుకని ఇండియాకి ఇక్కడికి సరిగ్గా 15 గంటలు, లెక్క సులువు. విషయం చెబితే అమ్మ అంది, "మరి బుక్ చేశావా?" అని. బుక్ చేయటం కాదమ్మా, ఓడ రావాలి అన్నాను. "ఓడలో ఉన్నది నువ్వే కదరా?" అంది.

2వ రోజు. ఊరు చుట్టి రావటం

ఈ దీవులకి పగడపు గోడ లేదు. పటాల్లో చూసే తాహితీ బొమ్మల్లాగా లోపల నిశ్చలమైన మడుగు ఉండదు. తాయోహాయే అఖాతం దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది, ఎక్కడో దక్షిణ సముద్రంలో తుఫాను వస్తే దాని పొంగు నేరుగా ఊళ్ళోకి వస్తుంది. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత మేము పడ్డ పాట్లన్నీ దీని వల్లే. సరుకు దొరకటం ఒక ఎత్తు, జెట్టీ నుంచి పడవ దాకా దాన్ని దాటించటం ఒక ఎత్తు.

డీజిల్ బంకు అఖాతం తూర్పు వైపు, ఓడలు ఆగే జెట్టీ మీద ఉంది. డీజిల్ ఉంది. విదేశీ పడవలకి పన్ను లేని డీజిల్ ఇస్తారు, కానీ దానికి కస్టమ్స్ కాగితం ఉండాలి, సాధారణంగా ఏజెంటు ద్వారా తెప్పించుకుంటారు. మేము ఏజెంటు ఎందుకులే, మనమే పోలీసు స్టేషన్‌కి వెళ్ళి ఎంట్రీ వేయించుకుందాం అని పిసినారితనం చేశాం. ఎంట్రీ సులువుగానే అయింది. డీజిల్ మాత్రం పూర్తి ధరకి కొనాల్సిందే. ఎక్కువ డీజిల్ పోయించుకునేవాళ్ళు నాలా చేయకండి, ఏజెంటు ఫీజు అక్కడే తిరిగొచ్చేస్తుంది.

ఇక గ్యాస్. ఇక్కడ ఇళ్ళలో వాడేది 13 కిలోల బ్యూటేన్ సిలిండరు. మనలాగే డిపాజిట్ కట్టి తీసుకోవటం, ఖాళీది ఇచ్చి నిండుది పట్టుకెళ్ళటం. దుకాణం పక్కన ఖాళీ సిలిండర్లు వరసగా నిలబడి ఉన్నాయి, నిండుది ఒక్కటీ లేదు. దుకాణంలో అమ్మాయి నవ్వుతూ వేలు సముద్రం వైపు చూపించింది. అర్థమైంది. తాహితీ దాదాపు 1,400 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఓడ వస్తేనే గ్యాస్, బియ్యం, సిమెంటు, బీరు, అన్నీ. ఎప్పుడొస్తుంది అంటే నాలుగు రోజులు అంది.

మా సిలిండర్లు ఇక్కడెవరూ మార్చరు, నింపే ప్లాంటూ లేదు. కాబట్టి దారి ఒక్కటే. ఇక్కడి 13 కిలోలది తీసుకుని, దాన్లోంచి మా చిన్నవాటిలోకి మనమే దించుకోవాలి.

3వ రోజు. డీజిల్

పొద్దున్నే చిన్నోడు వెళ్ళి బంకులో "పెట్రోల్" అడిగాడు, డింగీ (పడవ నుంచి ఒడ్డుకి వెళ్ళొచ్చే చిన్న పడవ) మోటారుకి. ఫ్రెంచిలో పెట్రోల్ అంటే కిరసనాయిలు. ఆయన పాపం, దీపానికా అని సైగ చేసి అడిగాడట. మనం పెట్రోల్ అనేదాన్ని ఇక్కడ "ఎసాన్స్" అనాలి, డీజిల్‌ని "గాజోల్" అనాలి. ఈ మూడు మాటలూ చేతి మీద రాసుకుని వెళ్ళినా నష్టం లేదు. మాది టూ స్ట్రోక్ మోటారు, 5 లీటర్లకి 100 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోయాలి.

పడవనే జెట్టీకి తీసుకెళ్ళి పైపుతో పోయించుకోవచ్చు, లంగరు ముందు వేసి వెనక వైపు తాళ్ళతో కట్టుకోవాలి. కానీ జెట్టీ కాంక్రీటు, పొంగు వస్తే పడవ మీటరు పైకి మీటరు కిందకి ఊగుతోంది. అరగంట డీజిల్ కోసం పడవ తోకని గోడకి కొట్టించుకోవటం నాకిష్టం లేదు. క్యాన్లతోనే మోద్దాం అన్నాను. చిన్నోడు అప్పుడు ఒప్పుకున్నాడు, తర్వాత నన్ను తిట్టుకున్నాడు.

20 లీటర్ల క్యాను డీజిల్‌తో 17 కిలోలు. డింగీలో ఇద్దరం కూర్చుని మూడు క్యాన్లు పెడితే అంచు నీళ్ళకి బాగా దగ్గరగా వస్తుంది, నాలుగోది పెట్టడానికి ధైర్యం చాలలేదు. అంటే నాలుగు ట్రిప్పులు. బంకు దగ్గర నిచ్చెన తుప్పు పట్టి, నాచు పట్టి ఉంది, దాని మీంచి 17 కిలోలు ఒంటి చేత్తో దించటం కుదరదు కాబట్టి పైనుంచి తాడుతో దించాను, కింద చిన్నోడు పట్టుకున్నాడు. పొంగు పైకొచ్చినప్పుడు తాడు వదులు చేస్తే క్యాను చేతిలోకి వస్తుంది, కిందకెళ్తున్నప్పుడు వదిలితే వాడి కాలి మీద పడుతుంది. రెండు సార్లు పడింది. కాస్త అవతల జాలర్లు చేపలు కోసే బల్ల ఉంది, వాళ్ళు పేగులు నీళ్ళలో వేస్తుంటే సొరచేపలు వచ్చి తిరుగుతుంటాయి. మనుషుల జోలికి రావు అంటారు. "నువ్వే కింద ఉండు బావా" అన్నాడు వాడు రెండో ట్రిప్పు నుంచి.

పడవ దగ్గర ఇంకో తంతు. తెరచాప ఎత్తే తాడుకి క్యాను కట్టి డెక్కు మీదకి లాగటం, నీళ్ళని ఆపి డీజిల్‌ని మాత్రం వదిలే జల్లెడ గరాటు పెట్టి ట్యాంకులోకి పోయటం. ఈ గరాటు నెమ్మది, 20 లీటర్లకి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, కానీ మారుమూల దీవుల్లో ఇది లేకుండా చుక్క కూడా పోయకూడదు అని నా గట్టి అభిప్రాయం. డీజిల్ అడుగున నీళ్ళు చేరితే ఆ రెండిటి మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, అది వెళ్ళి ఫిల్టరుకి అడ్డం పడుతుంది, సరిగ్గా గాలి లేనప్పుడు, దిబ్బలు దగ్గరున్నప్పుడు ఇంజను ఆగిపోతుంది.

మొదటి ట్రిప్పు రెండో క్యాను పోస్తుంటే గరాటు అడుగున అరగ్లాసు నీళ్ళు మిగిలాయి. మా ఇద్దరికీ బంకు మీదే అనుమానం. దీవి డీజిల్ ఇంతే అని తీర్మానం చేసేసి, మిగతా క్యాన్లు భయం భయంగా పోశాం. ఒక్క చుక్క నీళ్ళు లేవు. రెండో ట్రిప్పు, మూడో ట్రిప్పు, అన్నీ శుభ్రం. అప్పుడు ఆ క్యాను మూత విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషరు రెండుగా చీలి ఉంది. 25 రోజులు ఖాళీగా డెక్కు మీద పడుకుని వానల్లో నీళ్ళు తాగింది అది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మాకు గరాటు పట్టించింది. బంకు ఆయనకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, పాత సైకిల్ ట్యూబు కోసి వాషరు చేశాను.

సాయంత్రం నాలుగింటికి మొత్తం 212 లీటర్లు లోపల. ఇద్దరి నడుములూ పోయాయి. డింగీ అంతా డీజిల్ కంపు.

4, 5 రోజులు. ఏమీ జరగలేదు

దక్షిణం నుంచి పొంగు పెరిగింది. వెనక ఇంకో లంగరు వేసి పడవ ముక్కు అలలకి ఎదురుగా ఉండేట్టు కట్టినా గిన్నెలు నిలబడటం లేదు. ఒడ్డుకి వెళ్తే నోనోలు, కంటికి ఆనని నల్ల పురుగులు, కుట్టినప్పుడు తెలీదు, మర్నాడు తెలుస్తుంది. గోక్కోకూడదు అని అందరూ చెబుతారు, అందరూ గోక్కుంటారు.

ఒడ్డున ఒక పెద్దావిడ సీమ పనసకాయ ఒకటి చేతిలో పెట్టింది. ఇక్కడ ఇది ప్రధాన ఆహారం, నిప్పుల్లో కాల్చుకుని తింటారు. మేము ముక్కలు కోసి, పసుపు, కారం వేసి, కంద వేపుడులాగా చేశాం. గ్యాస్ పొదుపు అని ముందు కుక్కర్‌లో ఒక్క విజిల్ రానిచ్చి దించేశాను. కుక్కర్ లేని తెల్లవాళ్ళు ఈ సముద్రాల్లో గ్యాస్ మీద ఎంత తగలేస్తారో అనిపించింది.

6వ రోజు. ఓడ వచ్చింది

తెల్లవారుజామున అరానుయి వచ్చింది. సగం సరుకు ఓడ, సగం యాత్రికుల ఓడ. ఊరు ఊరంతా పికప్ బళ్ళు వేసుకుని జెట్టీ మీదే ఉంది, తిరనాళ్ళలాగా. ఓడ క్రేన్లు ఒక పక్క దించుతూనే ఉన్నాయి, ఇంకో పక్క ఎండు కొబ్బరి బస్తాలు ఎక్కించటానికి సిద్ధంగా పేర్చి ఉన్నాయి. ఆ వాసన తగలగానే కోనసీమలో కొబ్బరి కొట్ల ముందు నిలబడినట్టే ఉంది నాకు.

పదకొండింటికల్లా దుకాణానికి గ్యాస్ చేరింది. డిపాజిట్ కట్టి, నిండు సిలిండరు తీసుకుని, చేతి బండి మీద పెట్టుకుని ఒడ్డుకి. అయిపోయిందనుకున్నాం.

అప్పుడు మొదలైంది ఇత్తడి కథ. మా సిలిండర్ల వాల్వు అమెరికా రకం, ఎడమ మర, అంటే ఎడమకి తిప్పితే బిగిసేది. ఈ ఫ్రెంచి సిలిండరుదీ ఎడమ మరే, కానీ కొలత వేరు, బయటి మర. బయల్దేరేముందు "యూరప్ సెట్" అని ఆన్‌లైన్‌లో నాలుగు అడాప్టర్లు కొన్నాను. అందులో జర్మనీ అని రాసి ఉన్నది చక్కగా తిరిగి బిగిసింది. కొద్దిగా వాల్వు తెరిచి సబ్బు నురగ రాశాం. బుడగలు. ఇంకా బిగించాం. ఇంకా బుడగలు. మర కలిసింది కానీ లోపల కూర్చునే చోటు కలవలేదు. చిన్నోడు టెఫ్లాన్ టేపు చుడదామన్నాడు. ఇక్కడ నేను గట్టిగా కాదన్నాను, ఎందుకంటే ఇలాంటి జోడింపులో గ్యాస్‌ని ఆపేది మర కాదు, వాషరు. మర చుట్టూ ఎంత టేపు చుట్టినా వృథా. పైగా ఈ గ్యాస్ గాలికంటే బరువు, పడవలో లీకైతే అడుగున గుంటలో చేరి నిప్పురవ్వ కోసం కూర్చుంటుంది. ఇంట్లో లీకైతే కిటికీ తెరుస్తాం, పడవ అడుగుకి కిటికీ ఉండదు.

నేరుగా ఫ్రెంచి రెగ్యులేటరు కొని ఆ సిలిండరునే వాడుకుంటే? దాని ఒత్తిడి 28 మిల్లీబార్లు, మా పొయ్యిది 27 చిల్లర, పొయ్యికి తేడా కూడా తెలీదు. కానీ సిలిండరు మా గ్యాస్ పెట్టెలో పట్టదు. ఆ పెట్టెకి అడుగున సముద్రంలోకి కన్నం ఉంటుంది, లీకైనా బయటికే పోతుంది. డెక్కు మీద 13 కిలోల ఇనుప సిలిండరు కట్టుకుని బహిరంగ సముద్రంలోకి వెళ్ళే ధైర్యం నాకు లేదు.

సాయంత్రం డింగీ వేసుకుని పక్క పడవలన్నీ తిరిగాం. ఫ్రాన్స్‌లో బ్రిటనీ నుంచి వచ్చిన ఒక జంట దగ్గర సరైన ముక్క ఉంది, వేలెడంత ఇత్తడి, లోపల నల్ల వాషరు. ఇచ్చేశారు. రెండు రోజుల్లో తిరిగిస్తాం అన్నాం.

7వ రోజు. దించటం

పడవ మీద ఈ పని చేయకూడదు, ఆరుబయట చేయాలి. సీమ పనసకాయ ఇచ్చిన పెద్దావిడ ఇంటి అవతల, సముద్రం గాలి తగిలే చోట ఒక మామిడి చెట్టు ఉంది. సైగలతో అడిగాం, సరే అంది. పిల్లల్ని దూరంగా తరిమి, నిప్పు ఏమీ లేదని చూసుకుని మొదలుపెట్టాం.

పద్ధతి తేలికే. పెద్ద సిలిండరుని గంటసేపు ఎండలో ఉంచి, కొమ్మకి తలకిందులుగా కట్టాలి. చిన్నది కింద, నీడలో, తడి గుడ్డ కప్పి. మధ్యలో గొట్టం. పైది వెచ్చగా, కిందది చల్లగా ఉంటే ఒత్తిడి తేడా, బరువు రెండూ కలిసి ద్రవం కిందకి దిగుతుంది. చిన్నదాన్ని త్రాసుకి వేలాడదీసి ఉంచాం, బరువు చూసుకుంటూ ఆపటానికి. 80 శాతం మించి నింపకూడదు, ఎండకి ద్రవం వ్యాకోచిస్తే చోటు కావాలి. బ్యూటేన్ ప్రొపేన్ కంటే చిక్కన, కాబట్టి అదే 4.5 కిలోల దగ్గర ఆపితే 80 శాతం లోపే ఉంటాం. ప్రొపేన్‌కి చేసిన సిలిండర్లో బ్యూటేన్ పోయొచ్చు, ఒత్తిడి తక్కువ. తిరగేసి, బ్యూటేన్ సిలిండర్లో ప్రొపేన్ మాత్రం ఎప్పుడూ పోయకూడదు.

ఖాళీ సిలిండరు రెండున్నర గంటల్లో నిండింది. మబ్బు పట్టినప్పుడల్లా ముల్లు ఆగిపోయేది, మళ్ళీ ఎండొస్తే కదిలేది. చిన్నోడు గుడ్డ తడుపుతూ కూర్చున్నాడు, జ్వరం వచ్చినవాడికి పట్టీ వేసినట్టు.

ఊపు మీదున్నాం కదా అని రెండోదాన్ని కూడా తగిలించాం. దాన్లో ఇంకా అరకిలో ఉంది. పది నిమిషాలైనా ముల్లు పెరగదు. తర్వాత తగ్గటం మొదలుపెట్టింది. వంద గ్రాములు పోయాక గానీ నా బుర్ర వెలగలేదు. మెక్సికోలో నింపింది ప్రొపేన్ ఎక్కువున్న గ్యాస్. 30 డిగ్రీల ఎండలో స్వచ్ఛమైన ప్రొపేన్ ఒత్తిడి బ్యూటేన్‌కి దాదాపు నాలుగింతలు. కింద ఉన్నది పైదాన్ని రానివ్వకపోగా తనే పైకెళ్తోంది. ఏది చేయకూడదని పై పేరాలో రాశానో అదే చేస్తున్నాను. గబగబా వాల్వులు కట్టేశాం. పెద్ద సిలిండర్లో ఎనిమిదిన్నర కిలోల బ్యూటేన్ మీద వంద గ్రాములు, ప్రమాదం లేదు, కానీ సిగ్గేసింది. చిన్నోడు కెమికల్ ఇంజనీరింగ్ చదివాడు. అది గుర్తు చేస్తే, "సిలబస్‌లో మామిడి చెట్టు లేదు బావా" అన్నాడు.

8వ రోజు. తగలేయటం

రెండోది నిండాలంటే ముందు పూర్తిగా ఖాళీ అవ్వాలి. గాల్లోకి వదిలేయటం నాకు మనస్కరించలేదు. వారం రోజులు విజిళ్ళు లెక్కపెట్టి పొదుపు చేసినవాళ్ళం, ఈ రోజు పొయ్యి ఆర్పకుండా వండుతూ కూర్చున్నాం. శనగలు ఉడికించాం, రెండు పూటలకీ సీమ పనస వేపుడు, ఉన్న పాలపొడితో పాయసం. పంపర పనస కాయలు ఇక్కడ పుచ్చకాయ అంత ఉంటాయి, వాటి తొక్కలు పంచదారలో మురబ్బా పెట్టాం. మూడు గంటలకి మంట చిన్నదై, పసుపై, టప్‌మని ఆరింది. మురబ్బా సగంలో ఉంది. కొత్తగా నింపిన బ్యూటేన్ సిలిండరు తగిలించి దాన్ని పూర్తి చేశాం, మంట అంచు కాస్త ఎర్రగా ఉంది, గిన్నె అడుగున కొద్దిగా మసి. అంతకు మించి తేడా ఏమీ లేదు.

9వ రోజు. చివరిది

ఉదయం ఎండ బాగుంది. రెండో సిలిండరు రెండు గంటల పది నిమిషాల్లో నిండింది. పెద్దదాన్లో ఇంకా నాలుగు కిలోల దాకా ఉంది. దుకాణానికి తిరిగిచ్చి డిపాజిట్ తెచ్చుకుందామని చిన్నోడన్నాడు. కానీ పెద్దావిడ వంటింట్లోదీ ఇదే రకం సిలిండరు. ఆవిడకే ఇచ్చేశాం. సాయంత్రం మా డింగీలో ఎవరో ఆరు పంపర పనస కాయలూ ఒక గెల అరటిపళ్ళూ పెట్టి వెళ్ళారు.

ఇక మిగిలింది బ్రిటనీ వాళ్ళ ఇత్తడి ముక్క. శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి తీసుకెళ్ళేసరికి వాళ్ళ చోటు ఖాళీ. తెల్లారుజామునే లంగరు ఎత్తేశారట, పక్క పడవాయన చెప్పాడు, తుఆమోతు దీవుల వైపు, ఫకరావాకి. మేమూ అటే. 500 మైళ్ళ పైమాటే, ఈ గాలికి నాలుగైదు రోజులు. దాన్ని చార్టుల బల్ల సొరుగులో, పాస్‌పోర్టుల పక్కన పెట్టాను. ఎల్లుండి పొద్దున్న బయల్దేరతాం, పొంగు తగ్గితే.